ఇంజనుకు మంచినీళ్ళు

వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థులు ఏదైనా రాసివ్వాలని తమ్ముళ్ళు అడిగారు. హాస్టలు సాంబారు గురించీ, ట్రంకు పెట్టెల గురించీ, తెల్లవారుజాము స్టడీ అవర్ల గురించీ రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. మేము వేరే సంగతి రాస్తున్నాం. మేమంటే 2001, 2002 ప్రాంతంలో తణుకులో చదువుకున్న ఐదుగురం, ఉప్పునీళ్ళ ఊళ్ళవాళ్ళం. నలుగురివి నరసాపురం అవతల సముద్రపు ఒడ్డు పల్లెలు. ఒకడిది ఆకివీడు దగ్గర ఉప్పుటేరు గట్టు. వేసవి సెలవులు దగ్గరపడితే మిగతా పిల్లలు మామిడితోటల గురించీ మేనమామల ఇళ్ళ గురించీ మాట్లాడుకునేవారు. మా మాటలు మాత్రం బోటు ఇంజను కడగడం దగ్గరికే వచ్చేవి.

ఇంజను కడగడమేమిటని అప్పుడూ నవ్వారు, ఇప్పుడూ నవ్వుతారు. పైపైన గుడ్డ పెట్టి తుడవడం కాదండీ. బోటు వెనకాల తగిలించే అవుట్‌బోర్డు ఇంజను, నడుస్తున్నంతసేపూ కింద కాలులోంచి సముద్రపు నీళ్ళు పీల్చుకుని, తన లోపలంతా తిప్పుకుని, వేడి తగ్గించుకుని బయటికి వదులుతుంది. సముద్రపు నీళ్ళలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఇంజను ఆపగానే లోపల మిగిలిన నీళ్ళు ఆ వేడికి ఆరిపోతాయి, ఉప్పు మాత్రం అక్కడే పేరుకుంటుంది. నీళ్ళు తిరిగే దారులు సన్నబడతాయి. పైగా ఉప్పు గాలిలో తేమను లాక్కుంటుంది కాబట్టి ఒడ్డున ఉన్నా లోపల తడి ఆరదు. ఇనుమైతే తుప్పు పడుతుంది. అల్యూమినియం పైపొర దెబ్బతిని గుంటలు పడి, తెల్లటి పిండి రాలుతుంది. సైన్సు క్లాసులో మూడు పరీక్షనాళికల్లో మూడు మేకులు వేసి తుప్పు పాఠం చెప్పినప్పుడు, నాలుగో నాళిక ఉప్పునీళ్ళతో పెట్టమని మాలో ఒకడు లేచి అడిగాడు. క్లాసంతా నవ్వింది గానీ మాస్టారు నవ్వలేదు, పెట్టించారు. అన్నిటికంటే ముందు ఎర్రబడింది అదే.

అన్ని ఇంజన్లకూ ఈ కడుగుడు అక్కర్లేదు. పొడవాటి కడ్డీ చివర ఫ్యాను ఉండి, గాలితో చల్లబడే డీజిలు ఇంజన్లున్నాయి. వాటి లోపలికి సముద్రం వెళ్ళదు. పైన తుడిచి గ్రీజు పెడితే చాలు. నీళ్ళు తాగే ఇంజన్లతోనే వచ్చింది తంటా.

పద్ధతి చెబుతాం. పెద్ద నూనె డ్రమ్మును సగానికి కోసి అందులో మంచినీళ్ళు పోయాలి. ఇంజను కాలు దించితే నీళ్ళు పీల్చే జల్లెడ పూర్తిగా మునగాలి. గేరు వెయ్యకుండా, స్పీడు పెంచకుండా పది నిమిషాలు నడపాలి. ఒక్క క్షణమైనా నీళ్ళు లేకుండా తిప్పితే పంపులోని రబ్బరు రెక్కలు కాలిపోతాయి. పక్క కన్నంలోంచి సన్నటి ధార వస్తుంటే లోపల నీళ్ళు తిరుగుతున్నట్టు. ఆ ధారకు మా ఊళ్ళో ఉన్న పేరు ఈ పుస్తకంలో రాయలేం, మీరే ఊహించుకోండి. ఆ ధారలో వేలు తడిపి నాలుక మీద పెట్టుకునేవాళ్ళం. ఉప్పగా ఉంటే నీళ్ళు మార్చాలి, చప్పబడితే అయినట్టు. తరవాత ఇంజను నిలువుగా ఉంచితే మిగిలిన నీళ్ళు కారిపోతాయి. గేరు ఆయిలు కొంచెం తీసి చూడాలి. మజ్జిగలా తెల్లబడితే లోపలికి నీళ్ళు దిగాయన్నమాట. కింద చిన్న జింకు దిమ్మ ఒకటి ఉంటుంది. తాను ముందు కరిగిపోయి మిగతా లోహాన్ని కాపాడుతుంది. అందంగా ఉంటుందని దాని మీద రంగు వేస్తే అది పనిచెయ్యదు.

పని ఇంతే, పిల్లలు కూడా చెయ్యగలరు. చిక్కల్లా మంచినీళ్ళతోనే.

సగం డ్రమ్ము నిండాలంటే వంద లీటర్లు. రెండుసార్లు మారిస్తే రెండు వందలు. మా పల్లెల్లో బోరు వేస్తే ఉప్పునీళ్ళే పడతాయి. తాగే నీళ్ళు చెరువు నుంచో ట్యాంకు నుంచో బిందెలతో రావాలి. మోసేది ఆడవాళ్ళు, అక్కచెల్లెళ్ళు, సెలవుల్లో మేము. డ్రమ్ము పక్కన బిందె దించిన ప్రతిసారీ ఇంట్లో ఒకటే గొడవ.

"పిల్లలు తాగే నీళ్ళు దానికి పోస్తావా?" అనేది అమ్మ.

"అది తాగితేనే గదే వీళ్ళు తినేది!" అనేవాడు నాన్న.

ఇద్దరి మాటా నిజమే. మా నాన్నల్లో బోటున్నవాళ్ళు ఇద్దరే, మిగతావాళ్ళు వాటా మీద వెళ్ళేవారు. చేపలు అమ్మిన డబ్బులో బోటుకు, వలకు, ఇంజనుకు వాటాలు తీశాకే మనుషుల వాటాలు. ఇంజను కూడా ఇంట్లో ఒక మనిషిలాగే వాటా తీసుకునేది. అది పడుకుంటే ఐదారు ఇళ్ళ పొయ్యిలు ఆరిపోయేవి.

చివరికి దారి చూపింది అమ్మలే. బియ్యం కడిగిన మొదటి నీళ్ళు గేదెకు పోసి, రెండో నీళ్ళు కూరకు వాడినట్టుగా, ఇంజను రెండో కడుగు నీళ్ళు పారబొయ్యకుండా మర్నాటి మొదటి కడుక్కి దాచేవారు. అసలు ఉప్పంతా మొదటి కడుగులోనే పోతుంది, దానికి కాస్త ఉప్పదనం ఉన్నా ఫర్వాలేదు. అలా రోజుకు వంద లీటర్లు మిగిలేవి. ఇది ఏ కంపెనీ పుస్తకంలో ఉందో మాకు తెలీదు.

వరద నెలల్లో ఆ బాధ కూడా ఉండేది కాదు. జులై నుంచి సెప్టెంబరు దాకా వశిష్ఠ గోదావరి ఎర్రనీళ్ళతో మొగ దాకా నిండుగా ఉండేది. సముద్రం నుంచి బోటు నదిలోకి ఎక్కి నరసాపురం వైపు వస్తుంటే గోదారే ఇంజన్ని కడిగేసేది. కాకపోతే వరద నీళ్ళలో ఒండ్రు ఎక్కువ, పంపు రెక్కలు తొందరగా అరిగేవి. ఎండాకాలం వస్తే తంతు తిరగబడుతుంది. నదిలో నీళ్ళు తగ్గి, పోటుకు సముద్రమే లోపలికి ఎక్కుతుంది.

ఉప్పుటేరు గట్టువాడిదీ అదే కథ. కొల్లేరు మంచినీళ్ళ సరస్సు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అది సముద్రంలో కలిసే దారి ఉప్పుటేరు ఒక్కటే, 60 కిలోమీటర్ల పైచిలుకు. వేసవిలో సరస్సు నీరు తగ్గితే ఆ దారినే ఉప్పు వెనక్కి వస్తుంది. వాళ్ళ నాన్న చేపల చెరువు మీద ఆయిలింజను చూసుకునేవాడు. పంపు తోడే నీళ్ళలోంచే ఒక సన్న గొట్టం ఇంజను చుట్టూ తిరిగి వేడినీళ్ళుగా బయటపడుతుంది. చలికాలంలో పిల్లలంతా అక్కడే స్నానాలు. వేసవిలో మాత్రం పని అయ్యాక ఆ గొట్టానికి డ్రమ్ములోని కాలవ నీళ్ళు పెట్టి కాసేపు నడిపి గానీ ఆపేవాడు కాదట.

చేపలవేట నిషేధం ఏటా ఏప్రిల్ 15న మొదలవుతుంది. మా రోజుల్లో నెలన్నర ఉండేది, 2015 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేశారు. డెల్టా కాలవలు కట్టేసేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. హాస్టలు మూసేదీ అప్పుడే. ఇంజను నెలల తరబడి పడుకోబోయే ముందు పూర్తిగా కడగాల్సిన వారంలోనే మంచినీళ్ళు కరువవుతాయి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ డెల్టాకు ఆ నీళ్ళే ప్రాణం. తణుకులో మేము గోస్తనీ గట్టున కూర్చుని, ఆ నీళ్ళతో లారీలు కడుగుతుంటే చూసేవాళ్ళం. ఒక్కో లారీకి మా ఇంజను ఎన్నిసార్లు కడగొచ్చో లెక్క వేసుకునేవాళ్ళం. లెక్కల్లో మాకు మార్కులు బాగానే వచ్చేవి.

2002 వేసవిలో మాలో ఒకడి నాన్న నిషేధం మొదలైన రోజుల్లో జ్వరంతో మంచాన పడ్డాడు. మేమింకా తణుకులోనే ఉన్నాం, పరీక్షలు ముగియలేదు. వాడు పెనుగొండ, మార్టేరు, పాలకొల్లు బస్సులు మారి ఇంటికి చేరేసరికి కాలవ ఎండింది, ఊరచెరువు అడుగంటింది. ఉన్న నాలుగు బిందెలూ జ్వరం మనిషికీ ఇంటికీ సరిపోయాయి. ఇంజను గోనె కింద అలాగే ఉండిపోయింది. నిషేధం అయ్యాక తాడు లాగితే కదల్లేదు. నరసాపురంలో విప్పి చూస్తే పిస్టను సిలిండరుకు పట్టేసి ఉంది, నీటి దారులు ఉప్పుతో గట్టిపడ్డాయి. ఇంజను మీద వ్యాపారి దగ్గర తెచ్చిన అడ్వాన్సు ఇంకా తీరనే లేదు. జూన్‌లో హాస్టలు తెరిచినప్పుడు నలుగురమే వచ్చాం. వాడి ట్రంకు పెట్టె దసరా దాకా మంచం కిందే ఉంది. తరవాత వాళ్ళ అన్న వచ్చి పట్టుకెళ్ళాడు.

ఊళ్ళో కొందరు ఆ ఇంటివాళ్ళది బద్ధకం అన్నారు. మేము ఒప్పుకోం. తక్కువైంది రెండు వందల లీటర్ల నీళ్ళు. ఒక పిల్లాడి పదో తరగతి ఆ నీళ్ళ ఖరీదు.

వాడు రెండేళ్ళు బోటు ఎక్కి, తరవాత ఇంజన్ల పని నేర్చుకున్నాడు. ఇప్పుడు వాడే మెకానిక్కు. పైన రాసిన పద్ధతిలో సగం వాడు ఫోనులో చెప్పిందే, జింకు దిమ్మ సంగతితో సహా. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాడని కూడా రాయమన్నాడు, రాశాం. ఇప్పుడు కొత్త ఇంజన్లకు పక్కనే పైపు తగిలించే ముక్కు వస్తోందట. కుళాయి ఉంటే డ్రమ్ము అక్కర్లేదు. కుళాయిలో నీళ్ళు వచ్చే వేళకు బోటు ఒడ్డున ఉండాలి, అంతే.

ఈ ఏడు మన హాస్టల్లో ఆ పల్లెల తమ్ముళ్ళు ఎవరున్నా, కాలవ కట్టేసే తేదీ ముందే పేపర్లో వస్తుంది, ఇంటికి ఫోను చేసి చెప్పండి. కాలవ పారుతుండగానే రెండు డ్రమ్ములు నింపి నీడలో పెట్టమనండి. పైన గుడ్డ కట్టమనండి, లేకపోతే దోమలు. ఒక డ్రమ్ము మీద సుద్దతో "ఇంజను" అని రాయమనండి. రెండో దాని మీద ఏం రాయాలో అమ్మకు తెలుసు.