దిల్‌సుఖ్‌నగర్ పాము తింటలేదట

అన్నలారా, మనం పాము కనబడితే కట్టె ఎతుకుతం. దిల్‌సుఖ్‌నగర్ల మా మేనల్లుడు ఇంట్ల సాదుతున్నడు. బాల్ పైథాన్, ఆఫ్రికా జాతి, విషం ఉండదు. ఎల్బీనగర్ దోస్తు ఊరు మారుతూ ఇచ్చిపోయిండట. పన్నెండు రోజులైనా ఏం ముట్టలేదు. "మామా, సచ్చిపోతదా?" అని ఫోన్.

కొత్త కొట్టంల కట్టిన బర్రె వెంటనే కుడితి తాగుతదా? ఇదీ అంతే. వాడేమో రోజూ చేతుల పట్టుకొని దోస్తులకు చూపెడుతున్నడు! డాక్టరు ముందు అది బంద్ చేయించిండు. వారం దాకా ముట్టొద్దు. ఒళ్లు ఇమిడేంత ఇరుకు డబ్బా, నీళ్ల గిన్నె పెట్టాలె. పెట్టెల ఒక దిక్కు 31-32 డిగ్రీల వేడి ఉండాలె, లేకుంటే తిన్నది అరగదు. బతికున్న ఎలుకను వదిలితే తిరగబడి పామునే కొరుకుతది. అందుకే ఐసులో పెట్టిన సచ్చిన ఎలుకను కరగబెట్టి, వేడినీళ్లల్ల వెచ్చజేసి, చీకటి పడ్డంక పట్టుకారుతో చూపాలె. తినకుంటే మళ్లా వారం ఆగాలె. పెద్ద పాము నెలలకొద్దీ ఉపాసం ఉండగలదు, కానీ బరువు తూస్తుండాలె.

మా అక్క పాలు పోద్దామన్నది. పాముకు పాలు అరగవు. నాగులచవితికి పుట్టల పోసేది మన భక్తి, దాని తిండి కాదు.

మూడోవారంల తిన్నది. వాని సంబురం చూడాలె!

ఇది చదివి మన పిలగాండ్లు జెర్రిపోతును పట్టుకొస్తరేమో, జాగ్రత్త. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. ఆఫ్రికా పామునైనా పరివేష్ పోర్టల్ల నమోదు చేయాలె. జెర్రిపోతుకు మన గట్ల మీద ఎలుకలకు కొదవలేదు, దాన్ని ఎవరూ బతిమాలే పనిలేదు.

మీ దిక్కు ఈసారి వరిల ఎలుకలెట్లున్నయో రాయండి.