గడప లేని ఇల్లు

మా అమ్మ దృష్టిలో పసివాని ఎదుగుదల అంటే పిండివంటల వరుస. బిడ్డ తొలిసారి నవ్వితే నువ్వుండలు, బోర్లపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, గడప దాటితే గారెలు, అడుగు వేస్తే అరిసెలు, పలుకులు వస్తే పంచదార చిలుకలు. మా తెనాలి వైపు ఈ వరుస తెలియని ముసలమ్మ ఉండదు. ఏ పని ఏ నెలలో జరగవలెనో ఇందులో ఎక్కడా చెప్పలేదు. జరిగిననాడు పొయ్యి మీదికి బాండీ ఎక్కుతుంది, వీధిలో నాలుగిళ్ళకు ఆకుల్లో పంచుతారు. పేరుకు, వంటకు మొదటి అక్షరం కలిసినందువల్ల పుట్టిన మాటల సరదాయే ఇది అని నేను చాలాకాలం అనుకొన్నాను.

మా వానికి పదవ నెల వచ్చినప్పుడు అమ్మ ఫోనులో అడిగినది: “ఏరా అబ్బాయ్, గడప దాటాడా?”

నాకు ఏమి చెప్పవలెనో తోచలేదు. మా ఇంటికి గడప లేదు.

మేము ఉండేది దక్షిణ ఢిల్లీలోని మునిర్కా గ్రామంలో. గ్రామమనే పేరే మిగిలినది. ఒకనాడు పొలాల నడుమ ఉన్న జాట్ల ఊరు ఇది. పొలాలు నగరం క్రిందికి పోగా ఇళ్ళు మిగిలినవి. మిగిలిన ఇళ్ళు పక్కకు పెరిగే వీలు లేక పైకి పెరిగినవి. ఒక ప్రక్క రామకృష్ణపురం, ఒక ప్రక్క వసంత్ విహార్, దక్షిణాన జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం. నడుమ ఈ సందులలో ఎదురింటి వారి పప్పు తిరగమోత మన వంటింట్లో ఘుమఘుమలాడుతుంది. మణిపూర్ విద్యార్థులు, బీహారు కూలీలు, మలయాళీ నర్సులు, మావంటి వారు అందరూ అద్దెకున్న మేడలివి. మా మూడవ అంతస్తు గదులలో నేల అంతా ఒకటే నున్నని పలకరాయి. తలుపు క్రింద చీమ తప్ప దాటదగినది ఏదీ లేదు. ఢిల్లీ అనే పేరు ‘దేహలి’ నుండి, అనగా గడప నుండి వచ్చినదని చెప్పేవారు కొందరున్నారు. అది నిజమైనా కాకపోయినా, గడప పేరు గల నగరంలో గడప కోసం వెదికే స్థితి మాది.

క్రింది అంతస్తులో ఇంటి యజమానురాలు ఉంటుంది. ఊరంతా ఆమెను తాయీజీ అంటారు. మేమూ అదే పిలుపు నేర్చుకొన్నాము. వెనుకటి ఇంటి భాగం ఒకటి ఆమె పడగొట్టనివ్వలేదు. దానికి జానెడెత్తు రాతి గడప ఉన్నది. ఒక ఆదివారం మా వాడు పాకుతూ పోయి దాని మీద పొట్ట ఆనించి, చేతులు లోపల, కాళ్ళు బయట పెట్టి చిక్కుపడిపోయినాడు. ముందుకు పోలేడు, వెనుకకు రాలేడు. మెడ త్రిప్పి నా వంక చూచినాడు. ఎత్తుకొందామని వంగినాను. తాయీజీ నా చేయి పట్టి ఆపినది. కొంతసేపు గింజుకొని, తల ముందుగా లోపలికి దొర్లి, ఏడవవలెనా వద్దా అని ఆలోచించి, మానుకొన్నాడు. ఆ సాయంకాలం నా భార్య గారెలు వండినది. తాయీజీ రెండు తిని, “బాగున్నవి గాని, పెరుగు మరచినారేమి?” అని అడిగినది.

నాకు వేరొక పిచ్చి ఉండేది. వాడు పుట్టిన నాటి నుండి ఒక నోటుపుస్తకంలో తేదీలు వేసి వాని చేష్టలు వ్రాస్తూ వచ్చినాను. ఈ పిచ్చికి పెద్దల వత్తాసు ఉన్నది. చార్లెస్ డార్విన్ 1839 డిసెంబరులో పుట్టిన తన పెద్దకుమారుని గూర్చి ఇట్లే వ్రాసుకొని, 37 సంవత్సరాల తరువాత, 1877లో, ‘మైండ్’ అనే పత్రికలో అచ్చువేసినాడు. ఏడవనాడు అరికాలికి కాగితం తగిలిస్తే పిల్లవాడు కాలు వెనుకకు లాగుకొన్నాడట. అది చదివి నేనూ కాగితం ముక్క తీసినాను. “నిద్రపోయే బిడ్డను లేపారంటే ఆ పుస్తకం పొయ్యిలో పెడతాను, చూసుకోండి,” అన్నది నా భార్య.

పుస్తకం ప్రక్కన ఒక పట్టిక కూడ చేరినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించినది అది. ఒంటరిగా నడవడానికి అందులో ఇచ్చిన వ్యవధి 8.2 నెలల నుండి 17.6 నెలల వరకు. దీనిని వారు గీత అనలేదు, ‘కిటికీ’ అన్నారు; అంత వెడల్పు గల కిటికీ మునిర్కాలో ఎక్కడా లేదు. ఐదు దేశాల పిల్లలను చూచి ఆ లెక్క కట్టినారు: ఘానా, నార్వే, ఒమన్, అమెరికా, మన దేశం. మన దేశపు పిల్లలు ఎవరనుకొన్నారు? ఈ దక్షిణ ఢిల్లీ పిల్లలే, ఉన్నవారి పేటల నుండి ఎంచినవారు. నూటికి నలుగురు చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకనే పాకరని కూడ అందులో ఉన్నది. పాపం, వారి ఇళ్ళలో పాకుండలు లేవు.

మా వాడు పదమూడవ నెలలో నడిచినాడు. తప్పటడుగులు, ఆపైన అరిసెలు. దానిని గురించి చెప్పదగినది ఇంతకన్న లేదు. చిక్కంతా పలుకుల దగ్గర వచ్చినది.

పదునాలుగు నెలలు, పదునారు, పదునెనిమిది నెలలు నిండినవి. వాడు ‘అమ్మ’ అనలేదు, ‘నాన్న’ అనలేదు. గొణుగుడు ఉన్నది; మాట లేదు. మేమిద్దరం ఉద్యోగాలకు పోతాము. పగలు వాడు తాయీజీ దగ్గర ఉంటాడు. “ఇంట్లో ఒక భాష, క్రింద ఒక భాష, పసివాడు తికమకపడుతున్నాడు, మీ భాష మానివేయండి,” అని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చినాడు. రెండు భాషల నడుమ పెరిగే బిడ్డలకు కూడ తొలి మాటలు ఇంచుమించు అదే కాలంలో వస్తాయని, లెక్కవేసేటప్పుడు రెండు భాషల మాటలూ కలిపి లెక్కించవలెనని తెలిసినవారు చెబుతారు. అది తెలిసి కూడ, ఆ వారమంతా నేను బిడ్డతో తెలుగు మాట్లాడేటప్పుడు దొంగతనం చేసినట్లు గొంతు తగ్గించినాను. అందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను.

తరువాత అంతకన్న పెద్ద భయం పట్టుకొన్నది. ఒక సాయంకాలం వాని వెనుక నిలిచి పళ్ళెం మీద గరిటెతో కొట్టినాను. వాడు తిరగలేదు. మళ్ళీ కొట్టినాను. ఆటబండి చక్రం త్రిప్పుతూ కూర్చున్నాడు. ఆ రాత్రి మేము మాటలాడుకోలేదు. అమ్మతో ఫోనులో చెబితే, “నీకూ రెండో ఏడు దాటాకే వచ్చాయిరా మాటలు,” అన్నది. అది ఓదార్పే. కాని చెవి వినపడని బిడ్డ విషయంలో ఆ ఓదార్పు నెలలను తినివేస్తుంది. ఎంత త్వరగా కనుగొంటే అంత మేలు. అమ్మ పిండివంటల వరుసలో లేనిదీ, పట్టికలో ఉన్నదీ ఈ ఒక్కటే.

ఆసుపత్రిలో వానిని నిద్రపుచ్చి, నుదుటికి, చెవుల వెనుక చిన్న బిళ్ళలు అంటించి, చెవిలోనికి శబ్దాలు పంపి, మెదడు వాటికి స్పందించుచున్నదో లేదో యంత్రం మీద చూచినారు. గంటసేపు ఆ గదిలో ఎవ్వరమూ మాటలాడలేదు. వాని చెవులు చక్కగా ఉన్నవి. సందులో పుట్టి పెరిగిన బిడ్డ. కుక్కరు కూతలు, కూరల బండ్ల కేకలు, మోటారు సైకిళ్ళ మోతల నడుమ నా గరిటె చప్పుడుకు ఎందుకు తిరగవలెను?

మరునాడు తాయీజీకి ఈ సంగతి చెప్పినాను. ఆమె తెల్లబోయినది. “మాటలు రాకపోవడమేమి? నాతో నెలరోజులుగా మాట్లాడుతున్నాడే!” అని వానిని పిలిచినది. వాడు మూలనున్న మట్టి కుండ వద్దకు పోయి, దాని మీద అరచేయి వేసి, “మమ్,” అన్నాడు. ఆమె గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చినది. గటగట త్రాగినాడు.

ఉత్తరాదిన పసిపిల్లల భాషలో ‘మమ్’ అంటే నీళ్ళు. మన ఇళ్ళలో మమ్మం అంటే అన్నం. వాడు మేడ మీద ‘మమ్’ అన్న ప్రతిసారీ మేము పెరుగన్నం కలిపి నోటికి అందించినాము. వాడు తల త్రిప్పుకొని ఏడ్చేవాడు. “మొండితనం ఎక్కువైనది,” అని నోటుపుస్తకంలో వ్రాసినాను. పదిహేడవ నెల పుటలోనే ఉన్నది: “మమ్ – అర్థం లేని శబ్దం.” డార్విన్ కొడుకు సరిగా ఏడాది నిండేనాటికి ఆహారానికి తానే కల్పించుకొన్న మాట కూడ ‘మమ్’ అన్నదే. ఆ పుట క్రింద నేను పెన్సిలుతో గీత కూడ గీసి ఉన్నాను. దాహమైన బిడ్డకు నెల రోజులు అన్నం పెట్టినవాడిని, వాడు మాట్లాడడం లేదని బెంగపెట్టుకొన్నవాడిని, నేనే.

ఆ రాత్రి నా భార్య ఆ పుట చదివి, పుస్తకం మూసి, వాని మంచం ప్రక్కన ఒక గ్లాసు నీళ్ళు పెట్టి పడుకొన్నది.

అమ్మకు చెప్పగానే తెనాలి నుండి పార్సెలులో పంచదార చిలుకలు వచ్చినవి. దారిలో చాలా భాగం ముక్కలైనవి. ముక్కు తెగినవి కొన్ని, తోక లేనివి కొన్ని. మెట్లు దిగుతూ ప్రతి అంతస్తులో పంచినాము. తాయీజీకి నిండుగా ఉన్న చిలుకను ఏరి ఇచ్చినాము. ఆమె దానిని దేవుని పటం ముందు పెట్టినది. మా వాడు గడప మీద కూర్చుండి, తోక లేని చిలుకను తలవైపు నుండి చప్పరించి, జిగురు చేతులు చాచి, “మమ్,” అన్నాడు. ఇద్దరమూ ఒక్కసారే కుండ వైపు లేచినాము.