ఏటి పక్క లెక్కలు

పల్లిపాడుకు దారి అడిగేవాళ్లు రెండు రకాలు. ఆశ్రమం ఎక్కడని అడిగేవాళ్లు కార్లలో వస్తారు. ఏట్లోకి దారి ఎటని అడిగేవాళ్లు ట్రాక్టర్లలో వస్తారు. మొదటివాళ్లకు చెయ్యి చాపి చూపిస్తాం, రెండోవాళ్ల ముందు మాత్రం కాసేపు ఆలోచిస్తాం. పేరున్న ఊళ్లో కాపురం అంటే పెద్ద తేడా ఏమీ ఉండదు. చరిత్ర ఎదురింటి పెద్దాయన లాంటిది, పండగకు పలకరిస్తే చాలు, రోజూ కూర్చుని మాట్లాడక్కర్లేదు. ఏరు అట్లా ఊరుకోదు. ఎండినా దాని గొడవే, నిండినా దాని గొడవే.

నెల్లూరుకు తూర్పున, ఇందుకూరుపేట మండలంలో, పెన్న ఒడ్డున ఉంది పల్లిపాడు. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు వచ్చి ఇక్కడ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. దానికి పూనుకున్నది దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య. ప్రధాన భవనానికి డబ్బిచ్చింది దక్షిణాఫ్రికాలో గాంధీకి చేదోడువాదోడుగా నిలిచిన పార్సీ వర్తకుడు రుస్తుంజీ. డర్బన్‌లో సంపాదించిన పదివేల రూపాయలు పెన్న ఒడ్డున గోడలై నిలిచాయి. సబర్మతికి దక్షిణాదిన తమ్ముడని దీన్ని చెప్పుకుంటారు. నూలు వడకడం, ఖాదీ, అంటరానితనంపై పోరు, అన్నీ ఇక్కడ నడిచాయి.

నాకు వీటన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఆ నేలది. స్థలం ఇచ్చింది పొణకా కనకమ్మ. అంతకు ముందు ఆమెకు తిలక్ బాట మీద గురి. విప్లవకారులు గుట్టుగా తుపాకీ సాధన చేసుకోవడానికని ఏటి పక్క, జనం మసలని చోట ఈ భూమి కొన్నదని చెబుతారు. తర్వాత మనసు గాంధీ వైపు తిరిగింది, తుపాకుల కోసం కొన్న నేలలో రాట్నాలు తిరిగాయి. బడికి పోయి చదువుకున్న మనిషి కాదు, అయినా 1923లో ఆడపిల్లల కోసం నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. ఆమె స్వీయచరిత్ర ‘కనకపుష్యరాగం’ పుస్తకంగా అచ్చయ్యేసరికి ఆమె పోయి అర్ధశతాబ్దం కావస్తోంది. ఆశ్రమానికి వచ్చేవాళ్లలో గాంధీ బొమ్మ దగ్గర ఫొటో దిగేవాళ్లు ఎక్కువ, కనకమ్మ గురించి అడిగేవాళ్లు తక్కువ. ఈ విషయంలో నాకు కాస్త కోపం ఉంది, ఉండనీండి.

గాంధీ జయంతికి, జెండా పండగలకు అక్కడ కాస్త సందడి. బడిపిల్లలు తెల్లచొక్కాలతో వరసగా పోతారు, ఉపన్యాసం జరుగుతున్నంతసేపూ పిప్పరమెంట్ల సంచీ వైపే చూస్తారు. మిగతా రోజుల్లో ఊరి కళ్లు ఏటి మీదే.

ఏరంటే ఏడాది పొడుగునా గలగలా పారుతుందనుకునేరు. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి, దాదాపు 600 కిలోమీటర్లు కరువు సీమల్లో నడిచి వచ్చేసరికి పెన్నకు ఒంట్లో ఓపిక ఉండదు. ఇక్కడికి చాలా నెలలు ఇసుకే వస్తుంది, నీళ్లు కాదు. ఆ ఇసుకలోనే నీళ్లు ఉంటాయని తెలిసినవాళ్లకే తెలుసు. చెలమ తీయడం చూడాలి. ముందు మోకాళ్ల మీద కూర్చుని పైనున్న ఎండు ఇసుకను రెండు చేతులా పక్కకు నెడతారు. జానెడు లోతుకు రంగు మారుతుంది. మూరెడు పోయాక వేళ్లకు చల్లదనం తగులుతుంది. గట్లు జారి పడకుండా అరచేత్తో తట్టుకుంటూ ఇంకాస్త తోడితే అడుగున బురదగా ఊట. ఆ మొదటి నీళ్లు చిప్పతో తోడి పారబోస్తారు, రెండోసారివీ పారబోస్తారు, మూడోసారి ఊరినవి అద్దంలా ఉంటాయి. తొందరపడి ముందే ముంచిన పిల్లవాడికి వీపున ఒకటి పడేది. ఇప్పుడు పిల్లలకు ఆ దెబ్బా లేదు, ఆ నీళ్లూ లేవు, క్యాన్ నీళ్లు వస్తున్నాయి. ఇసుక లారీలకెక్కిపోతే ఊట ఎక్కడ ఆగుతుంది? సముద్రం దగ్గరే, మైపాడు తీరం పక్కనే ఉంది. ఏట్లో తియ్యనీళ్ల బరువు తగ్గే కొద్దీ ఉప్పు లోపలికి జరుగుతుంది. బోరు నీళ్లతో కాచిన టీ రుచి చూసి, ఇది వేసవి చివరని చెప్పగలిగే నాలుకలున్నాయి ఇక్కడ.

పైరుకు మాత్రం కాలువే దిక్కు. నెల్లూరు ఆనకట్ట 1855 నాటిది, సంగం ఆనకట్ట 1880లలో కట్టింది. రెండింటికీ బదులుగా కొత్త బ్యారేజీలు 2022 సెప్టెంబరులో తెరిచారు. పైన సోమశిల జలాశయం. దాంట్లో 78 టీఎంసీలు పడతాయి. మా వైపు రైతు పొద్దున లేచి వాన గురించి అడగడు. “సోమశిలలో ఎంతుందంట?” అంటాడు. కడపలో పడే వానే మాకు వాన.

కనుమ నాడు మాత్రం ఏటిని అందరూ పలకరిస్తారు. నెల్లూరులో దాన్ని ఏటి పండగ అంటారు. ఊరేగింపుగా వచ్చిన దేవుళ్లు ఒడ్డున కొలువుదీరితే, నెల పట్టి ముంగిళ్లలో పెట్టిన గొబ్బెమ్మల్ని ఆడపిల్లలు తెచ్చి నీళ్లలో కలుపుతారు. నీళ్లు చాలకపోతే ఉన్న మడుగు దగ్గరే జనం గుమిగూడతారు. పెన్నను ఏమీ అనరు.

అనవలసిన ఏడు ఒకటి వచ్చింది. 2021 నవంబరు. 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ నీళ్లు పెన్నలో కలిసి సోమశిలకు చేరాయి, అక్కడ 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది. చెన్నై నుంచి కలకత్తాకు పోయే రోడ్డు తెగింది. దేశం మొత్తానికి రైళ్లు ఆగిన వార్త అది, ఏటి పక్క ఊళ్లకు బియ్యం మూటలు మిద్దె మీదికి ఎక్కించిన రాత్రి. ఆశ్రమానికి నూరేళ్లు నిండిన ఏడు కూడా అదే. కానీ ఊళ్లో ఎవర్నైనా 2021 అని అడగండి, ఏటి మాటే చెబుతారు.

వరదల్ని గోడ మీద రాసుకున్న ఊళ్లూ ఉన్నాయి. ఇంగ్లండులో సెవర్న్ నది ఒడ్డున వూస్టర్ అనే పాత నగరం ఉంది. అక్కడ పెద్ద చర్చి కింద, నదికి దిగే ద్వారం గోడ మీద ఏ వరదకు నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గుర్తులు ఉన్నాయి, పక్కన సంవత్సరాలు. 1770 ఒకటి, 1947 ఒకటి. నదితో కాపురం చేసేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే చరిత్ర ఉండదనిపించింది. మా దగ్గరా బడి గోడకు 2021 గీత ఒకటి గీయిద్దామని అరుగు మీద ప్రస్తావించాను.

“గీయొచ్చు. ఎంత ఎత్తున గీస్తావు?” అన్నాడు ఒక మామ.

“నడుం లోతు అంటుండారు గదా.”

“ఎవురి నడుము? మా ఇంటికాడ మెడదాకా వచ్చింది.”

“యాడ వచ్చింది మామా, మీ అరుగు గూడా మునగలా,” అంది పక్కింటి అత్త. “బర్రెను విప్పింది నేను. నాకు తెలవదా?”

అక్కణ్నించి మాట బర్రె మీదికి పోయింది, బర్రె నుంచి అప్పుడు రాని పరిహారం మీదికి, దాన్నుంచి పేర్లు రాసుకుపోయినవాళ్ల మీదికి. రంగు డబ్బా నేను కొంటానన్నా. ఎత్తు తేలాక కొనమన్నారు.