‘తెలియదు’ అంటే లేదనా?

లెక్కలంటే భయపడి ఆర్ట్సు గ్రూపులో చేరినదాన్ని నేను. అలాంటి నాచేత, డాక్టరీ చదివిన మా అన్నయ్య కూతురు పోయిన నెలలో ఓ లెక్క చేయించింది.

“అత్తా, నీకు 45 వచ్చాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం ఎంతో చూద్దాం” అంటూ కంప్యూటర్ ముందేసుకు కూర్చుంది. 1989లో అమెరికాలో మిచెల్ గెయిల్ అనే ఆయనా, తోటివాళ్లూ కట్టిన సూత్రమట. మొదట తెల్లవాళ్ల వివరాలతో కట్టి, తర్వాత ఇతర జాతుల వాళ్లకీ సవరించారట. అందులో మన తెనాలి ఆడవాళ్లు లేరు లెండి!

పెద్దమనిషివి ఎప్పుడయ్యావు? ఎనిమిదో క్లాసు పరీక్షలు మాన్పించి మరీ పీటల మీద కూర్చోబెట్టారు, ఎలా మరిచిపోతాను? తొలి కాన్పు 22వ ఏట. రొమ్ములో ముక్క తీసి పరీక్ష చేశారా? లేదు.

“అమ్మకి గానీ, అక్కచెల్లెళ్లకి గానీ, కూతుళ్లకి గానీ ఈ జబ్బు వచ్చిందా?”

అమ్మ 1990లో పోయింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. విషజ్వరం అన్నారు. అదీ గొంతు తగ్గించి అనేవారు. జ్వరానికి గొంతు తగ్గించడం ఎందుకని నాకెప్పుడూ తోచలేదు.

“తెలియదని పెట్టు” అన్నాను.

పెట్టింది. చిన్న అంకే వచ్చింది. హమ్మయ్య అనుకోబోతున్నాను.

“ఆగత్తా. తెలియదంటే ఇది లేదనే లెక్కేస్తుంది” అంది.

ఇదెక్కడి లెక్కమ్మా! స్టవ్ కట్టానో లేదో గుర్తు లేకపోతే, కట్టేశాననుకుని హాయిగా ఊరెళ్లిపోయే ఇల్లాలు ఎక్కడైనా ఉందా?

తెనాలిలో ఉన్న పిన్నికి ఫోన్ చేశాను. “పిన్నీ, అమ్మకి నిజంగా జ్వరమేనా?”

చాలాసేపు మాట లేదు.

“ఆఖరి ఏడాది మీ అమ్మ జాకెట్లు నేనే కుట్టేదాన్నే. ఎడంవైపు లోపల మెత్తటి గుడ్డ పెట్టి...” ఆగిపోయింది. “మద్రాసు తీసికెళ్లారు. ఆలస్యమైందన్నారు. ఆడపిల్ల ఉన్న ఇల్లు, బయటికి పొక్కకూడదని మీ నాన్న ఒట్టేయించుకున్నాడు.”

ఆ ఆడపిల్లని నేనే.

మళ్లీ లెక్క వేశాం. ఈసారి అంకె రెండింతలు దాటింది.

“నానమ్మకి అప్పుడు ఎన్నేళ్లు?”

“36.”

మేనకోడలి మొహం మారింది. అంత చిన్న వయసులో రావడం వేరే సంగతిట. ఆ వయసు రాయడానికి ఈ లెక్కలో చోటే లేదట. “జన్యు పరీక్షల డాక్టర్ని కలవాలత్తా. నువ్వే కాదు, నాన్న కూడా” అని, కాస్త ఆగి, “నేనూ” అంది.

రాత్రి పిన్నే ఫోన్ చేసింది. “ఏమే, మీ అమ్మాయికి మాత్రం చెప్పకు. పెళ్లి కావలసిన పిల్ల.”

“అలాగే పిన్నీ” అని పెట్టేశాను. పెట్టేసి, అమ్మాయికి ఫోన్ చేశాను.