కొల్లేరుపై ఒక వెబ్ పాఠం: ఏలూరు కార్యశాల సందర్శనం

విద్యార్థి ఇంటర్నెట్‌లో సమాచారం వెతికి రాసుకోవడంతో ఆగిపోకుండా, దొరికిన విషయాలను పోల్చి, తూచి, ఒక నిర్ణయానికి వచ్చేలా ఉపాధ్యాయుడు ముందుగానే రూపొందించి ఇచ్చే అభ్యాసాన్ని ‘వెబ్‌క్వెస్ట్’ అంటారు. అమెరికాలోని శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీలో 1995లో బెర్నీ డాడ్జ్, టామ్ మార్చ్‌తో కలిసి రూపొందించిన ఈ పద్ధతిలో పరిచయం, చేయవలసిన పని, చేసే క్రమం, మూల్యాంకనం, ముగింపు అనే భాగాలుంటాయి; చూడవలసిన పేజీలను ఉపాధ్యాయుడే ఎంచి ఇవ్వడం వల్ల పిల్లల సమయం వెతుకులాటకు పోకుండా ఆలోచనకు మిగులుతుంది. ఈ పద్ధతిలో తొమ్మిదో తరగతికి కొల్లేరు సరస్సుపై పాఠం తయారు చేయడానికి కొందరు సాంఘికశాస్త్ర, జీవశాస్త్ర ఉపాధ్యాయులు ఏలూరులో జరుపుకున్న కార్యశాల ఈ సందర్శనకు గమ్యం.

పాఠశాల కంప్యూటర్ గదిలో ఉదయం మొదలైన చర్చలో ఎక్కువ భాగం ప్రశ్న తయారీకే పట్టింది. ‘కొల్లేరు ప్రాముఖ్యాన్ని వివరించండి’ అన్న తొలి ప్రశ్నకు జవాబు ఏదో ఒక పేజీలో సిద్ధంగా దొరుకుతుందనీ, దాన్ని ఎత్తిరాసిన విద్యార్థికీ చదివి అర్థం చేసుకున్న విద్యార్థికీ తేడా తెలియదనీ ఒక ఉపాధ్యాయిని అభ్యంతరం చెప్పడంతో, కొల్లేరు చుట్టూ నిజంగా ఉన్న వివాదం వైపు చర్చ మళ్లింది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉండి, బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్ల నీటిని అందుకుని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదిలే ఈ మంచినీటి సరస్సులో ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున్న చోట్లను కలిపే గీత వరకు ఉన్న ప్రాంతాన్ని ప్రభుత్వం 1999లో అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో ఇది రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను అధికారులు తెగ్గొట్టించారు. హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలన్న వాదన ఆ తరువాత కూడా కొనసాగుతున్నందున, ‘హద్దు ఎక్కడ ఉండాలి?’ అన్నదే చివరకు పాఠంలోని పనిగా ఖాయమైంది.

ఆ పని కోసం పిల్లలు జట్లుగా ఏర్పడతారు. ప్రతి జట్టులోనూ చేపల రైతు, వరి రైతు, పక్షుల పరిశోధకుడు, అటవీ అధికారి అనే నాలుగు పాత్రలుండి, ఒక్కొక్కరూ తమకిచ్చిన ఆధారాలను మాత్రమే చదవాలి. అప్పుడే జట్టంతా కూర్చుని ఒక్క సిఫారసు లేఖ రాయడానికి ఒకరి మాట మరొకరికి అవసరమవుతుంది. లేఖలో ఎవరి నష్టాన్ని ఎలా లెక్కలోకి తీసుకున్నారో చూపితే ఎక్కువ మార్కులు, ఒకే పక్షం చెబితే తక్కువ మార్కులు అని వివరించే మూల్యాంకన పట్టికను, అంటే ఏ స్థాయి పనికి ఎన్ని మార్కులో ముందే తెలిపే పట్టికను, పాఠంతోపాటే పిల్లలకు ఇవ్వాలని తీర్మానించారు. పాఠశాలలో నెట్ నిలకడగా ఉండదు కనుక ఎంచిన పేజీలను ముందే దించి ప్రతి కంప్యూటర్‌లోనూ భద్రపరచారు.

మధ్యాహ్నం ఆధారాలను పాత్రలవారీగా సర్దుతున్నప్పుడు పాఠంలోని పెద్ద లోటు బయటపడింది. పక్షుల గురించీ, ఉత్తర్వుల గురించీ కావలసినంత దొరికినా, చెరువు లేకుండా సరస్సులో వల వేసుకుని బతికే సంప్రదాయ మత్స్యకారులు స్వయంగా చెప్పుకున్న మాట ఎంచిన పేజీలలో ఒక్కటీ లేదు. సరస్సులోని లంక (దీవి) గ్రామాల నుంచి బడికి వచ్చే పిల్లలు ఇంట్లోనూ, ఇరుగుపొరుగులోనూ పెద్దలను అడిగి, వారి మాటలను రాసి, సంప్రదాయ మత్స్యకారుడనే ఐదో పాత్రకు ఆధారంగా పాఠంలో చేర్చాలని అప్పుడు నిర్ణయమైంది. వెబ్ పాఠం రూపొందించేవారు చేయవలసిన పనిలో పేజీల ఎంపిక సగమైతే, ఆ పేజీలు ఎవరి గొంతును వదిలేశాయో కనిపెట్టి, దాన్ని తెచ్చే బాధ్యతను విద్యార్థికి అప్పగించడం మిగతా సగమని ఈ కార్యశాల స్పష్టం చేసింది.