మణికట్టు మీద పచ్చ దీపం

మిర్యాలగూడలో వారానికి ఒక రోజు ఓపీ చూస్తాను. ఒకసారి చివరి పేషెంటు కూడా వెళ్లిపోయాక ఒకాయన లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే చెయ్యి చాపాడు. నాడి చూడమంటున్నాడనుకుని పట్టుకోబోయాను. ఆయన చూడమన్నది వాచీని.

"గుండె 168 కొట్టుకుంటున్నది సార్. మెల్లగ ఉరికినా గంతే. నాకేమన్న ఉన్నదా?"

రైస్ మిల్లులో లెక్కలు రాసే మనిషి. 46 ఏళ్లు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, అంటే 21 కిలోమీటర్ల చిల్లర, పూర్తి చేయాలని పట్టుదల. అందుకోసం రెండు నెలల జీతం కూడబెట్టి జీపీఎస్ వాచీ కొన్నాడు. కొన్న వారానికే భయం పట్టుకుంది. పరుగు మొదలుపెట్టిన పది నిమిషాలకే తెర ఎర్రబడుతోంది. రాత్రి పడుకున్నాక కూడా వేళ్లు మణికట్టు మీద పెట్టుకుని లెక్కపెట్టుకుంటున్నానన్నాడు.

ఈసీజీ తీశాను, బాగుంది. బీపీ, షుగర్ మామూలే. ఎకోలోనూ ఏమీ లేదు. అయినా ఆయన మొహం తేటపడలేదు. రిపోర్టులు ఆసుపత్రివి, ఆ 168 మాత్రం తన ఒంట్లోది. మరుసటి వారం సూర్యాపేటలో చీకటితోనే బయలుదేరి, ఆయన పరుగెత్తే నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కట్ట మీదికే వెళ్లాను. 1967లో సాగర్ నీళ్లు వదిలాక ఈ ప్రాంతానికి వరి వచ్చింది, వరి వెంట మిల్లులు వచ్చాయి. ఇప్పుడు ఆ కట్టల మీద పొద్దున్నే పరుగెత్తేవాళ్లు కనిపిస్తున్నారు.

ఆయన నా ముందు నుంచి అటూ ఇటూ పరుగెత్తుతుంటే ఊరికే ఉండలేక అడుగులు లెక్కపెట్టాను. 15 సెకండ్లకు 42. ఇంకోసారి లెక్కపెట్టినా 42. ఆపించి, అదే క్షణంలో మెడ పక్క రెండు వేళ్లు ఆనించాను. 15 సెకండ్లకు 33, అంటే నిమిషానికి 132. వాచీలో ఇంకా 168 ఉంది. 42ను నాలుగుతో గుణిస్తే 168. వాచీ లెక్కపెట్టింది గుండెను కాదు, కాళ్లను.

వాచీ వెనక వెలిగే ఆ పచ్చ దీపం పని చిన్నదే. రక్తం పచ్చని కాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం కాస్త పెరుగుతుంది, తిరిగొచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను వాచీ లెక్కపెడుతుంది. కానీ చెయ్యి ఊగినప్పుడూ రక్తం కదులుతుంది, పట్టీ వదులైతే బయటి వెలుగు లోపలికి దూరుతుంది. అప్పుడు అడుగుల లయను పట్టుకుని అదే గుండె లయ అనుకుంటుంది. ఈయన వాచీ మణికట్టు ఎముక మీద, మూడు దారాల మీద ఆనుకుని ఉంది. అందులో ఒకటి మట్టపల్లి నరసింహస్వామి గుడిలో కట్టించుకున్నది. దారాలు తెంపమని నేనెందుకు చెబుతాను? వాచీని రెండో చేతికి మార్చి, ఎముకకు రెండు వేళ్లు పైన బిగించుకోమన్నాను. మళ్లీ పరుగెత్తాడు. 134. కట్ట మీదే కూర్చుండిపోయి, మొహం తుడుచుకుని, కాసేపు మాట్లాడలేదు.

ఏ వాచీ కొనాలని నన్ను అడిగేవాళ్లకు అప్పటినుంచి మొదట చెప్పేది ఒకటే. ఛాతీ పట్టీ జతపడే వాచీ చూసుకోండి. ఛాతీ పట్టీ వెలుగుతో పని చేయదు, ఈసీజీలాగా గుండె పుట్టించే విద్యుత్తునే పట్టుకుంటుంది. ఫిన్లాండ్‌కు చెందిన పోలార్ కంపెనీ 1982లోనే అలాంటి పట్టీతో, తీగ లేకుండా నాడి చూపే వాచీ తెచ్చింది. ఇన్నేళ్లయినా పరుగులో దానికి మించిన లెక్క మణికట్టు ఇవ్వలేకపోతోంది. రోజూ కట్టుకోనక్కర్లేదు. వాచీ మీద అనుమానం వచ్చిన రోజు ఉంటే చాలు. అదీ లేకపోతే మెడ మీద రెండు వేళ్లు ఉన్నాయి.

సూర్యాపేటలో జరిగింది వేరు. అది చెప్పడం నాకు కష్టం.

52 ఏళ్ల ఉపాధ్యాయుడు. సద్దుల చెరువు కట్ట మీద రోజూ పొద్దున పరుగెత్తుతాడు. ఆయనకు బీపీ. రెండేళ్ల కింద మెటోప్రొలాల్ రాసింది నేనే. రాసేటప్పుడు ఉప్పు గురించి అడిగాను, సిగరెట్ గురించి అడిగాను, నిద్ర గురించి అడిగాను. పరుగెత్తుతారా అని అడగలేదు. ఆ మాత్ర గుండె వేగాన్ని అదిమి పెడుతుంది, అదే దాని పని. కొడుకు అమెరికా నుంచి పంపిన వాచీకి ఆ సంగతి తెలియదు. 220లోంచి వయసు తీసేసి, ఈ మనిషి గుండె 168 దాకా పోవాలని లెక్క కట్టుకుంది. మాత్ర మీదున్న ఆయన గుండె ఎంత ఆయాసపడ్డా 120 దాటడం లేదు. వాచీ రోజూ శ్రమ చాలలేదని చూపించింది. ఆయన రోజూ ఇంకాస్త గట్టిగా పరుగెత్తాడు.

ఛాతీలో బిగబట్టినట్టు మొదలైంది. ఆగి వాచీ చూసుకున్నాడు. 118. "గుండె మంచిగనే ఉన్నది కదా, గ్యాస్ అయి ఉంటది" అనుకుని మూడు వారాలు అలాగే తిరిగాడు. చివరికి ఆయన భార్య బలవంతంగా తీసుకొచ్చింది. "అన్నా, పొద్దున కట్ట మీదికెళ్లి వచ్చినంక గోడ పట్టుకుని నిలబడుతుండు" అంది. ఆ ఒక్క మాట నాకు చాలింది. ట్రెడ్‌మిల్ ఎక్కించే ధైర్యం చేయకుండా నేరుగా హైదరాబాద్ పంపాను. ఎడమ వైపు పెద్ద ధమనిలో 90 శాతం పూడిక. స్టెంట్ వేశారు, బతికాడు. ఇప్పుడు నడుస్తాడు, నెమ్మదిగా పరుగు కూడా మొదలుపెట్టాడు.

220 లెక్క 1971 నుంచి వాడుకలో ఉంది. అది సగటుకు గీసిన గీత. ఒకే వయసున్న ఇద్దరి మధ్య ఇరవై పైచిలుకు తేడా ఉండొచ్చు. 2001లో దాన్ని సవరించి, వయసును 0.7తో గుణించి 208లోంచి తీసేయమన్నారు. వయసు మళ్లినవాళ్లకు అది కొంత దగ్గరగా వస్తుంది. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకు రెండూ పనికిరావు. వాళ్లు నాడిని పక్కన పెట్టి నోటిని నమ్ముకోవాలి. పరుగెత్తుతూ పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే తేలిక పరుగు. రెండు మాటలకు ఊపిరి తీసుకోవాల్సి వస్తే కష్టమైన పరుగు. వాచీ కొనేటప్పుడు నాడి మెట్లను (జోన్లను) మనమే చేత్తో మార్చుకునే వీలుందా అని చూడాలి. కంపెనీ పెట్టిచ్చిన లెక్కతోనే బతకాల్సిన వాచీ నేను ఎవరికీ చెప్పను.

ఈసీజీ తీసే వాచీ కట్టుకున్నానని నిబ్బరంగా ఉండేవాళ్లు ఉన్నారు. దయచేసి వినండి. ఆ ఈసీజీ గుండె లయ తప్పిందా అని చూస్తుంది. రక్తనాళంలో పూడికను అది చూడలేదు, గుండెపోటును పట్టదు. నలభై దాటి, బీపీయో షుగరో పొగాకో ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లున్న వాళ్లు, వాచీ దుకాణానికి ముందు డాక్టర్ దగ్గరికి రండి. పరుగులో ఛాతీ బిగిసినా, ఎడమ చెయ్యి లాగినా, దవడ పట్టేసినా, తెర మీద ఏ అంకె ఉన్నా సరే, ఆగిపోండి. ఇప్పుడు నేను మాత్ర రాసిన ప్రతి చీటీ కింద 'వ్యాయామం?' అని ఒక మాట రాసుకుని, అడిగి, జవాబు నింపి గానీ సంతకం పెట్టను.

దూరం సంగతికొస్తే మన ప్రాంతం అదృష్టం చేసుకుంది. జీపీఎస్ ఉపగ్రహాలు 20,000 కిలోమీటర్ల పైన తిరుగుతుంటాయి. వాటిలో కనీసం నాలుగు కనిపిస్తే వాచీ మనం ఉన్న చోటు తేల్చుకుంటుంది. అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి ఇచ్చే సంకేతంలో కావాలని కలిపిన తప్పును 2000 మే నెలలో తీసేసింది. మూడేళ్లకు గార్మిన్ పరుగు కోసం మొదటి ఫోర్‌రన్నర్ వాచీ తెచ్చింది. గచ్చిబౌలిలాంటి చోట అద్దాల మేడలకు తగిలి సంకేతం అటూ ఇటూ పడుతుంది, అక్కడ రెండు ఫ్రీక్వెన్సీల్లో సంకేతం పట్టే వాచీకి పెట్టిన డబ్బుకు అర్థముంది. కాల్వ కట్ట మీద, పొలాల మధ్య, నెత్తిన ఆకాశం తప్ప ఇంకేమీ లేని మనకు మామూలు జీపీఎస్ సరిపోతుంది. బయలుదేరే ముందు ఒక్క నిమిషం ఖాళీ చోట నిలబడి ఉపగ్రహాలు దొరకనివ్వాలి, అంతే. మ్యాపులు అక్కర్లేదు. కట్ట మీద తప్పిపోయేవాళ్లు లేరు. హాఫ్‌కు మూడు గంటలు, ఫుల్ మారథాన్‌కు ఐదారు గంటలు జీపీఎస్ నడిచే బ్యాటరీ ఉండాలి. ఏళ్లు గడిస్తే బ్యాటరీ తగ్గుతుంది కాబట్టి దానికి రెట్టింపు ఉన్నది తీసుకోవడం మంచిది. బటన్లు ఉన్నది చూడండి. చెమట చేతికి, వాన చినుక్కి టచ్ తెర పలకదు. నిద్రకు మార్కులు, ఒత్తిడికి మార్కులు, వీటికోసం పది వేలు ఎక్కువ పెట్టొద్దు. హాయిగా నిద్రలేచి, తెర మీద మార్కులు చూసి నీరసపడిపోయే మనుషులను చూస్తున్నాను.

ఇంకొకటి. జాతీయ రహదారి 65 మీద చీకట్లో పరుగెత్తకండి. కాపాడుతుందనుకున్న వాచీ లారీకి కనపడదు. ఆ రోడ్డు మీది నుంచి మా దగ్గరికి వచ్చినవాళ్లను చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

కోదాడలో ఒక శుక్రవారం అన్నాచెల్లెళ్లు వచ్చారు. ఇద్దరూ పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారవుతున్నారు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకండ్లలో పరుగెత్తాలి. పేషెంటు అన్న. మోకాలి కింద ముంగాలి ఎముక వెంట నొప్పి. చేతికి జీపీఎస్ వాచీ.

"వాచీల 7 నిమిషాల 5 సెకండ్లు వస్తున్నది సార్. గ్రౌండ్‌ల మా సార్ చూస్తే 7:22 అంటడు. ఎవరిది తప్పు?"

వాచీదే. సెకనుకో చుక్క పెట్టి, చుక్కలన్నీ కలిపి దూరం కడుతుంది. గ్రౌండ్ మలుపుల్లో ఆ చుక్కలు మూడు నాలుగు మీటర్లు అటూ ఇటూ పడి గీత వంకరలు పోతుంది, వంకరలన్నీ దూరంలో కలుస్తాయి. నాలుగు రౌండ్లకు 60 మీటర్ల దాకా తేడా వచ్చింది ఇతనికి. సున్నం గీత గీసిన గ్రౌండ్‌లో రౌండ్లు లెక్కపెట్టుకుని స్టాప్‌వాచీ నొక్కాలి, జీపీఎస్ ఆపేయాలి. కానీ ఆ వాచీలోనే అతని నొప్పికి కారణం దొరికింది. నెల రోజుల లెక్క తిప్పి చూస్తే, ప్రతి రోజూ నాడి 180 దాటింది. ఒక్క రోజు కూడా తేలిక పరుగు లేదు, ఒక్క రోజు కూడా విశ్రాంతి లేదు. "రోజూ పరీక్షే రాస్తున్నవు, చదివేదెప్పుడు?" అన్నాను. వారంలో నాలుగు రోజులు నాడి 145 దాటకుండా కాల్వ వెంట నెమ్మదిగా పరుగెత్తమని, దాటితే నడవమని చెప్పాను. నా దృష్టిలో వాచీకి పెట్టిన డబ్బు కిట్టేది ఇక్కడే. మనిషిని తరిమేందుకు కోచ్ ఉన్నాడు, పక్కవాడు ఉన్నాడు, నోటిఫికేషన్ ఉంది. ఆపేవాళ్లే లేరు.

చెల్లెలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"నువ్వు కూడ ఉరుకుతున్నవా బిడ్డా?"

"ఉరుకుత సార్. రెండో రౌండ్ల దమ్ము ఆడదు."

"దానికి బద్ధకం సార్" అన్నాడు అన్న.

వాచీ తీసి ఆమె చేతికి పెట్టమన్నాను. పట్టీ చివరి బెజ్జానికి బిగించినా వదులుగానే ఉంది. గాజులు పైకి జరిపి, పట్టీ కింద కర్చీఫ్ మడిచి పెట్టాడు. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోమన్నాను. పచ్చ దీపం వెలుగుతూ ఉంది. 104. నేను నాడి పట్టుకుని నిమిషం లెక్కపెట్టాను. 104. కూర్చున్న మనిషికి, ఇరవై ఏళ్ల పిల్లకు, జ్వరం లేకుండా. కింది కనురెప్ప లాగి చూస్తే ఎరుపన్నదే లేదు. హిమోగ్లోబిన్ 7.4.

మన రాష్ట్రంలో సగం కంటే ఎక్కువ మంది ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. సగం లోడుతో తిరిగే ట్రాక్టర్ మిల్లుకు ఎక్కువ ట్రిప్పులు వేయాల్సిందే. రక్తంలో ప్రాణవాయువును మోసేది సగమే ఉంటే గుండె రెండింతలు తిరగాలి. పిల్లకు బద్ధకం కాదు, అన్నయ్యా అని చెప్పేసరికి అతను తల దించుకున్నాడు. నెలసరి గురించి వాళ్లమ్మను పిలిపించి అడిగాను. నులిపురుగుల మాత్ర ఇచ్చాను, ఇనుము మాత్రలు రాశాను. టీ తాగిన గంట లోపల వేసుకోవద్దని, నల్లగా విరేచనం అయితే భయపడొద్దని, రక్తం పెరిగాక కూడా మూడు నెలలు ఆపొద్దని చెప్పాను. రక్తం పెరిగేదాకా పరుగు బంద్, నడక మాత్రమే.

ఇంకో పని కూడా అప్పగించాను. రోజూ లేచీలేవగానే, మంచం దిగకముందే, అన్న వాచీ ఐదు నిమిషాలు కట్టుకుని నాడి ఎంతుందో నోట్‌బుక్కులో రాయాలి. ముందు రోజుకంటే పది పెరిగితే ఆ రోజు ఏ కష్టమూ చేయొద్దు, జ్వరం వస్తోందేమో చూసుకోవాలి.

మూడో నెల వచ్చారు. పొడవాటి లెక్కల నోట్‌బుక్కు. మొదటి పేజీలో 101, 103, 99. మధ్యలో వారం రోజులు 110 పైన, పక్కన 'జెరం' అని రాసుంది. తరువాత 92, 88, 85. చివరి పేజీలో 76. దాని పక్కన, ఎర్ర పెన్నుతో, 800 మీటర్లు 4:51.

"మొన్న ఒక్కసారే ఉరికిన సార్, తిట్టకుండ్రి" అంది.

అన్న ఎడమ మణికట్టు మీద వాచీ ఉండాల్సిన చోట తెల్లటి చార ఉంది. వాచీ ఏదని అడిగాను. ఆమె గాజులు వెనక్కి జరిపి చెయ్యి చూపించింది. పట్టీకి కొత్తగా బెజ్జం కొట్టించారు.