గేరు నూనె – నా బి.ఎస్సీ. జ్ఞానం

సంచికకి ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు వెంటబడితే, అందరిలాగే నేనూ ఒక కవిత రాద్దామని కూర్చున్నాను. రెండు రాత్రులు గడిచినా కవిత రాలేదు. బుర్రలో తిరుగుతున్నదల్లా మా ఇంటి కారు, దాని గేరుపెట్టె, అందులో నేను పోసిన నూనె. కాబట్టి పాఠకులు మన్నించాలి.

మాది వ్యవసాయం. మిరప కలిసొచ్చిన ఒక ఏడు నాన్న పాత మారుతి 800 ఒకటి కొన్నారు. 1997లో తయారైన బండి. వయసులో నాకంటే పెద్దది. నాలుగు గేర్లు. మొన్న సంక్రాంతి సెలవులకి వెళితే, "గేరు నూనె మార్చి ఎన్నేళ్ళయిందో ఏమో. ట్రాక్టరుకి పోయగా మిగిలింది డబ్బాలో ఉంది, పోసేద్దామా?" అన్నారు. కెమిస్ట్రీ చదువుతున్న కొడుకుని గదా! "వద్దు నాన్నా, ఇప్పుడు సింథటిక్ ఆయిల్స్ వచ్చాయి, నేను తెస్తాను" అన్నాను. పాలకేంద్రం నుంచి పదిహేను రోజులకోసారి వచ్చే డబ్బు అమ్మ లెక్కపెట్టకుండానే నా చేతిలో పెట్టింది.

కొట్లో రెండు రకాలు చూపించారు. రెండూ సింథటిక్కే, రెండూ 75డబ్ల్యూ-90. ఒకదాని మీద జి.ఎల్-4 అనీ, రెండోదాని మీద జి.ఎల్-5 అనీ ఉంది. నాలుగు కంటే ఐదు పెద్దదని ఒకటో తరగతిలోనే నేర్పారు కాబట్టి ఐదు కొన్నాను. కారుతో వచ్చిన పుస్తకం అల్మరాలోనే ఉంది. అందులో జి.ఎల్-4 అని స్పష్టంగా రాసి ఉంది. ఆ సంగతి చూసింది తర్వాత.

నూనె మార్చిన మర్నాటి నుంచి మూడో గేరులోంచి రెండుకి దించితే కర్రుమని శబ్దం. నాన్న ఒక్క మాట అనలేదు. క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో న్యూట్రల్‌లో ఆగి, మెల్లిగా దించడం మొదలుపెట్టారు. పక్కసీట్లో కూర్చున్న నాకు ఆ రెండోసారి క్లచ్ తొక్కినప్పుడల్లా తలెత్తబుద్ధయ్యేది కాదు. తిట్టినా బాగుండేది.

హాస్టలుకి తిరిగొచ్చాక చదవడం మొదలుపెట్టాను. (ముందు చదవాల్సింది, ఒప్పుకుంటాను.) జి.ఎల్. అంకెలు మార్కుల్లాంటివి కావు. ఏ పనికి ఏ నూనో చెప్పేవి. వెనక చక్రాలు తిప్పే పాత జీపుల్లో, ముందు నుంచి వచ్చే ఇరుసు వెనకకు చేరి చక్రాల వైపు మళ్ళాలి. అక్కడుండే హైపాయిడ్ పళ్ళు ఒకదాని మీద ఒకటి విపరీతంగా రాసుకుంటాయి, మధ్యలో నూనె పొర నిలవదు. అందుకని గంధకం, భాస్వరం ఉన్న సమ్మేళనాలు కలుపుతారు. వేడికి అవి ఇనుముతో చర్య జరిపి పైన ఒక పలచని పొర కడతాయి. పళ్ళకు బదులు ఆ పొర అరుగుతుంది. జి.ఎల్-5లో ఈ మందు జి.ఎల్-4 కంటే రమారమి రెట్టింపు. మూత తీయగానే వచ్చే కుళ్ళిన గుడ్డు వాసన దానిదే. మా మారుతిలో ఇంజను అడ్డంగా ఉంటుంది, తిప్పేది ముందు చక్రాల్ని. హైపాయిడ్ పళ్ళే లేవు. లేని రోగానికి మందు పోశానన్నమాట.

గంధకం అనగానే నాకు సింక్రో రింగులు గుర్తొచ్చాయి. గేరు పడేముందు రెండు వేగాల్ని కలిపే ఇత్తడి కంకణాలవి. ఇత్తడిలో రాగి ఉంది, గంధకం రాగిని తింటుంది, దొంగ దొరికాడు! రాగి తీగని గరుకు కాగితంతో రుద్ది, రెండు పరీక్షనాళికల్లో రెండు నూనెలు పోసి, మూడు గంటలు మరిగే నీళ్ళలో ఉంచాను. (ల్యాబ్ లెక్చరర్ గారు ఇది చదివితే క్షమించాలి.) రెండు తీగలూ ఇంచుమించు ఒకేలా బయటికొచ్చాయి. రాగిని కాపాడే నిరోధకాలు కూడా ఈనాటి నూనెల్లో కలుపుతారట. నా సిద్ధాంతం నీళ్ళలో కలిసింది.

అసలు సంగతి మా ఊరి మెకానిక్ బాబాయ్ చెప్పాడు. "రింగు పట్టుకోవాలిరా అబ్బాయ్. పట్టుకుని లాగితేనే గేరు వేగం సర్దుకునేది. నువ్వు పోసింది మరీ జారుడు. పట్టేదెట్టా?" నాన్న అందుకున్నారు: "బురదకాళ్ళతో గట్టెక్కినట్టు." నేను పుస్తకంలో ఘర్షణ గుణకం అని చదివింది ఇదే.

మరి సింథటిక్ దండగా అంటే, కాదు. మామూలు నూనె ముడిచమురు నుంచి వడకట్టినది. అందులో అణువులు చిన్నా పెద్దా కలిసుంటాయి, కాస్త మైనమూ ఉంటుంది. సింథటిక్‌లో అణువుల్ని ఒకే తీరుగా కడతారు గనక వేడికి త్వరగా పలచబడదు, త్వరగా చెడదు. చలికి గడ్డకట్టదన్నది దాని పెద్ద గొప్ప; మా ఊళ్ళో ఆ గొప్పతో పని తక్కువ. పాత సీళ్ళ దగ్గర కారే భయం కూడా ఉంది, చూసుకోవాలి. నన్నడిగితే, సరైన తరగతి మామూలు నూనె తప్పు తరగతి సింథటిక్ కంటే నయం. డబ్బుంటే సరైన తరగతిలోనే సింథటిక్.

ఈసారి డబ్బు నా మెస్ బిల్లులోంచి మిగుల్చుకున్నాను. నేను కింది బోల్టుకి పానా తగిలిస్తుంటే బాబాయ్ చెయ్యి పట్టుకున్నాడు. "ముందు నూనె పోసే బోల్టు ఊడుతుందో లేదో చూడు. అది ఊడకపోతే ఖాళీ పెట్టెతో కూచుంటావ్." ఏ పుస్తకంలోనూ నా కంట పడని ముక్క అది.

జి.ఎల్-4 పోశాక శబ్దం బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు, తెల్లవారుజామున మొదటిసారి దించినప్పుడు ఇంకా కొంచెం గొణుగుతుంది. అది నా నిర్వాకమో, రింగుల వయసో తేల్చి చెప్పలేను. పోల్చి చూడటానికి మాకు రెండో కారు లేదు.

దించిన నూనెని నేను పారబోయబోతుంటే నాన్న ఆపారు. గుడ్డలో వడకట్టి, డబ్బాకెత్తి, పక్కవీధి పాత జీపాయనకి ఇచ్చొచ్చారు, వెనక ఇరుసుకి. "మావాడు తెచ్చాడు, మంచిదే" అని చెప్పారట.